కూఁతురు కొడుకైన సీమ

పెనుకొండ పేరు వినఁగానే విజయనగర ప్రభువుల చరిత్ర మనకు జ్ఞప్తికి వచ్చును. 1565వ సంవత్సరమున రక్కసి-తంగడి యుద్ధము ముగిసిన పిదప తిరుమలరాయలు పాడువడిన విజయనగరమును విడిచి యీ కొండకోటను రాజధానిగాఁ జేసికొనెను. గగనమహలును కోటగోడలును నేఁటికిని ఆ కథ చెప్పుచున్నవి. ఏ రాజు తరువాత నే రాజు సింహాసన మెక్కెనో, ఎవరి వారసత్వము న్యాయమైనదో మన చరిత్రకారులు పుటలకొలఁది చర్చించిరి. ఆ కొండక్రింది పల్లెలలో నొక రైతు కన్నుమూసినపు డతని చేను, బావి, యెద్దులు ఎవరికిఁ జెందెనను విషయమును మాత్రము చర్చించినవారు తక్కువ. ఆ యింట కొడుకు లేక కూఁతురు మాత్రమే యున్నచో నామె స్థానమేమి? కొడుకును కూఁతురును ఉన్నచో నామె స్థానమేమి? రాజ్యముల చరిత్ర కంటె నీ ప్రశ్నలు చిన్నవి కావని మా తలంపు. స్త్రీ స్వాతంత్ర్యమును గూర్చి మనము ఎన్ని సభలు జరిపినను, నిలువ నీడయు, తినుటకు గింజయు తన పేర లేని మనిషికి ఆ స్వాతంత్ర్యము మాటలలోనే మిగులును. కావున పెనుకొండ, హిందూపురము, ధర్మవరము సీమలలో కూఁతురి యాస్తిహక్కు నడచిన దారిని ఈ వ్యాసమున పరిశీలింపఁ దలఁచితిమి.

మొదట శాస్త్రస్థితి తెలిసికొనవలెను. దక్షిణదేశపు హిందూ కుటుంబములలో నాస్తివిభాగము మితాక్షరము ననుసరించి జరుగుచుండెను. కల్యాణి చాళుక్యుల కాలమున విజ్ఞానేశ్వరుఁడు వ్రాసిన ఈ వ్యాఖ్యను ఆంగ్లప్రభుత్వపు న్యాయస్థానములును ప్రమాణముగా గ్రహించెను. దాని ప్రకారము కొడుకు పుట్టిన క్షణముననే పిత్రార్జితమునందు తండ్రితోడి భాగస్వామి యగును. కూఁతురికి పుట్టుకచేత నట్టి హక్కు లేదు. అట్లని శాస్త్రము కూఁతును పూర్తిగా మఱవలేదు. అన్నదమ్ములనుండి వేఱుపడినవాఁడు కొడుకులు లేక మరణించినచో, భార్య తరువాత కూఁతురికి ఆస్తి సంక్రమించును. కాని యది జీవితకాలపు అనుభవమే. తగిన యవసరము లేక అమ్ముటకుఁ గాని, తన మనసునకు వచ్చినవారికి వ్రాసి యిచ్చుటకుఁ గాని యామెకు అధికారము లేదు. తండ్రి యన్నదమ్ములతో నుమ్మడిగా నుండి మరణించెనా, ఆ భాగము వారికే కలిసిపోవును. కూఁతురికి పెండ్లి ఖర్చును, అంతవఱకు తిండియు మాత్రమే. పెండ్లినాఁడు పసుపుకుంకుమల క్రింద నిచ్చిన కొద్దిపాటి భూమియు, నగలును ఆమెకు దక్కినచో దక్కినట్లు.

గ్రంథములలోని ధర్మ మిట్లుండఁగా, ఊళ్లలోని బ్రదుకు వేఱొక చిక్కును తెచ్చిపెట్టినది. అనంతపురము సీమ వానలు కఱవైన సీమ. దున్నువాఁడు లేని చేను ఒక యేఁటికే బీడగును. పూడిక తీయని బావి రెండేండ్లకే పనికిరాకుండఁ బోవును. కొడుకు లేని రైతునకు మరణానంతరము పిండ మెవరు పెట్టుదురను చింత కంటె, బ్రదికియుండఁగా మడక యెవరు పట్టుదురను చింతయే ముందు వచ్చుచుండెను. ఇంట కూఁతురున్నను ఈ చింత తీఱలేదు. దానిని తీర్చుకొనుటకు ఈ సీమలో రెండు ఆచారములు పుట్టినవి. ఆ రెండును మన ప్రశ్నకు ముఖ్యమైనవి.

మొదటిది ఇల్లటము. రెడ్లు, కాపులు మొదలగు వ్యవసాయకులములలో కొడుకు లేని తండ్రి, అల్లుని తన యింటికే తెచ్చుకొని, తన సేద్యమునకు సాయపడినచో నాస్తిలో భాగమిత్తునని మాట యిచ్చును. ఇట్లు వచ్చిన యల్లుఁడు ఇల్లటపుటల్లుఁడు. బళ్లారి, కర్నూలు మండలముల రెడ్లలో నీ యాచారము కలదని మదరాసు హైకోర్టు 1880 ప్రాంతమున అంగీకరించినది. అప్పటికి పెనుకొండ, హిందూపురము బళ్లారి మండలములోనివే. అనంతపురము ప్రత్యేక మండలమైనది 1882లో. ఈ యాచారములో నొక విశేషమును పాఠకులు గమనింపవలెను. అల్లుఁడు వచ్చిన తరువాత మామకు కొడుకు పుట్టినను, ఆ యల్లునికి కొడుకుతో సమానముగా భాగము వచ్చును. అంతేకాదు, తాను పుట్టిన యింట నతని హక్కు పోదు. దత్తుఁడు పుట్టినింటిని వదలుకొనవలెను. ఇల్లటపుటల్లుఁ డదియు వదలుకొన నక్కఱలేదు. ఇంటి యాస్తి పరులపాలు కాకుండ కూఁతురి యింటనే నిలిచినది, నిజమే. కాని యది నిలిచినది అల్లుని పేర. ఎవతెను బట్టి యతఁ డాయింటఁ గాలు పెట్టెనో, యామె పేరు ఆ యొడంబడికలో హక్కుదారుగాఁ గానరాదు.

రెండవ యాచారము మఱింత బాధాకరమైనది. బోయలు మొదలగు కొన్ని కులములలో, ముఖ్యముగా దళితకుటుంబములలో, కొడుకు లేనివా రొక కూఁతును దేవునికి సమర్పించి బసివిగాఁ జేయుచుండిరి. బళ్లారి, అనంతపురము సీమలలోను మైసూరు పొలిమేరలలోను ఇది నాటుకొని యుండెను. బసివి పెండ్లి చేసికొనరాదు. తండ్రి యింటనే యుండవలెను. ఆమె బిడ్డలు తాత యింటిపేరు పెట్టుకొందురు. తండ్రికి ఉత్తరక్రియలు చేయు నధికార మామెకుఁ గలుగును. కొడుకు వలెనే తండ్రి యాస్తి కామె వారసురా లగును. ఫ్రెడ్ ఫాసెట్ అను పోలీసు అధికారి 1890 ప్రాంతమున ఈ యాచారమును గూర్చి వ్యాసము వ్రాసి, దేవునికి సమర్పితలై మగహక్కులు పొందిన స్త్రీలని దాని పేరులోనే వీరిని వర్ణించెను. 1909లో థర్‌స్టన్ దొర వెలువరించిన దక్షిణదేశ కులముల గ్రంథమునందును బసివుల ప్రసక్తి కలదు. ఈ వర్ణనలు చదివినవారు కొంద ఱిది స్త్రీకి గౌరవమిచ్చిన యాచారమని పొరపడవచ్చును. ఆస్తి వచ్చినమాట సత్యము. దానికై యామె చెల్లించిన వెల యెట్టిది? ఊహ తెలియని వయసున నొక పిల్ల కుటుంబపు మేలునకై పెండ్లికి దూరము చేయఁబడినది. తన దేహముమీఁది యధికారమును కోలుపోయినది. ఊరిలోని బలవంతులకు అట్టి యనాథ సులభముగా లోఁబడుచుండెను. దేవుని పేర విడిచినదని చెప్పఁబడిన బిడ్డ, ఆచరణలో నూరిపెద్దల దయాధర్మములకు విడువఁబడినది. అసలే చెప్పుకొనఁదగిన యాస్తి లేని కుటుంబములలో వారసత్వ మను మాటయు మిగులలేదు. సమర్పణము మాత్రము మిగిలినది.

ఈ రెండాచారములను ప్రక్కప్రక్కన నుంచి చూతము. ఇల్లటములో కూఁతురి స్థానమున నొక మగవాఁడు కొడుకయ్యెను. బసివి యాచారములో కూఁతురే కొడుకయ్యెను. కూఁతురు కూఁతురుగానే యుండి, పెండ్లాడి, బిడ్డలఁ గని, తండ్రి చేనిలో భాగము పొందు మార్గ మొక్కటి యీ సీమ యాచారము కనిపెట్టలేకపోయినది. మన పెద్దలకు కూఁతురిపై ప్రేమ లేదనుట న్యాయము కాదు. ఆస్తి తన రక్తమునకే చెందవలెనని వారు కోరిరి. అందులకై శాస్త్రమును వంచుటకును జంకలేదు. కాని హక్కు అను వస్తువు పురుషరూపమున దప్ప నిలువదని వారి బుద్ధిలో నాటుకొనియుండెను. ఆ బుద్ధియే మన వాదమునకు లక్ష్యము.

ఆచారములు అనాదివి, వానిని ప్రభుత్వము తాఁకరాదు, అని చెప్పువారు ఎప్పుడును ఉందురు. పెనుకొండ నేలిన విజయనగర ప్రభువుల చరిత్రయే వారికి సమాధానము. రెండవ దేవరాయల కాలమున, శాలివాహనశకము 1347లో, అనఁగా క్రీస్తుశకము 1425 ప్రాంతమున, పడైవీడు రాజ్యములోని బ్రాహ్మణులు ఒక యొడంబడిక చేసికొని దానిని వేలూరు సమీపమునందలి విరించిపురము దేవాలయమున శాసనముగాఁ జెక్కించిరి. ఇకమీఁద కన్యను దానముగానే యీయవలెను. బంగారము పుచ్చుకొని పిల్ల నిచ్చినవాఁడును, బంగార మిచ్చి పిల్లను గొన్నవాఁడును రాజదండనకు పాత్రులై, బ్రాహ్మణ్యమునుండి వెలి యగుదురు. ఆ యొడంబడికలో తమిళులు, కన్నడిగులు మొదలగువారితో పాటు తెలుఁగు బ్రాహ్మణులును చేరియుండిరి. శాసనము పుట్టిన నాలుగువందల యేఁబది యేండ్లకు పిమ్మట కూడ కన్యాశుల్కము పోలేదు కాఁబట్టియే గురజాడ యప్పారావుగారు నాటకము వ్రాయవలసి వచ్చినది. ఈ వృత్తాంతమునుండి రెండు పాఠములు నేర్చుకొనవలెను. ఆచారమును మార్చుట మన దేశమున కొత్త కాదు, పాపమును గాదు. వ్రాఁత యొక్కటియే యాచారమును మార్పఁజాలదు.

పందొమ్మిదవ శతాబ్దిలో సంస్కారోద్యమము గోదావరీతీరమున నారంభమైనది. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించిరి. ఆ సాహసమునకు ఆధారమైన 1856వ సంవత్సరపు చట్టములోని రెండవ నిబంధనమును మన సభలలో సాధారణముగా నెవరును చదువరు. మఱల పెండ్లాడిన వితంతువు మొదటి భర్త యాస్తిలోని హక్కును కోలుపోవునని యది చెప్పుచున్నది. పసుపుకుంకుమలు కావలెనా, పొలము కావలెనా కోరుకొమ్మని చట్టమే యామె నడిగినది. భండారు అచ్చమాంబగారు స్త్రీల చరిత్రములను సంపుటములుగాఁ గూర్చి స్త్రీలు బుద్ధిహీనులు కారని నిరూపించినను, వీరేశలింగముగారు పాఠశాలలు పెట్టి చదువు చెప్పించినను, ఆస్తి ప్రశ్న చాలకాలము వెనుకనే యుండిపోయినది. పెండ్లి వయసు, చదువు, వితంతువు దుఃఖము - వీనిని గూర్చి జాలితో మాటలాడవచ్చును. భాగమును గూర్చి మాటలాడవలెనన్నచో, సంస్కర్త తన యింటి దస్తావేజుల పెట్టె తెఱవవలెను.

ఇరువదవ శతాబ్దిలో ఆ పెట్టె కొంచెము కొంచెముగాఁ దెఱవఁబడినది. 1937లో వచ్చిన హిందూస్త్రీల ఆస్తిహక్కు చట్టము భర్త భాగమును వితంతువునకు జీవితకాలానుభవముగా నిచ్చినది; కూఁతు ఊసు ఎత్తలేదు. అయినను వితంతువైన సుఖపడెనా? వ్యవసాయభూమిని గూర్చి శాసించు నధికారము కేంద్రమునకు లేదు కావున గవర్నరుల రాష్ట్రములలోని పొలములకు ఈ చట్టము వర్తింపదని 1941లో ఫెడరల్ న్యాయస్థానము తేల్చినది. పట్టణములో నిల్లున్న వితంతువునకు హక్కున్నది. పెనుకొండ తాలూకాలో వేరుసెనగ చేనున్న వితంతువునకు లేదు! మదరాసు ప్రభుత్వము 1947లో వేఱొక చట్టముచేసి పొలములకు దానిని విస్తరింపఁజేయువఱకు రైతుకుటుంబముల స్త్రీలకు అది కాగితముమీఁది వరమే.

ఆ 1947లోనే మదరాసు శాసనసభ దేవదాసీ సమర్పణమును నిషేధించినది. అందులకు ఇరువదేండ్లు ముందుగా, 1927లో, డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు శాసనమండలిలో నీ ప్రశ్న నెత్తి యుండిరి. 1929లో ఆమె కృషివలన వచ్చిన చట్టము దేవదాసీల యీనాముభూములను దేవాలయ సేవనుండి విడదీసి వారి స్వంతము చేసినది. కొలువు మానినచో కూడు పోవునను భయమును తొలఁగించిన తరువాతనే కొలువు మానుమనుట ఆమె దూరదృష్టి. భూమి లేని బసివుల విషయమున నట్టి యేర్పాటు లేకపోవుటచే నాచారము చాటుగా సాగినది. 1988లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ మఱల ప్రత్యేక చట్టము చేయవలసి వచ్చినదనఁగా, మొదటి చట్టమునకును రెండవదానికిని నడుమ నలువది యేండ్లలో ఎందఱు బాలికలు బలియైరో ఊహించుకొనవచ్చును.

1956 జూను 17న హిందూ వారసత్వ చట్టము అమలులోనికి వచ్చినది. దీనికి మూలమైన హిందూకోడు బిల్లు ఆఁగిపోయినందులకు నిరసనగా 1951లో డాక్టరు అంబేద్కరు మంత్రిపదవిని విడిచిరను సంగతి పాఠకులకుఁ దెలిసినదే. ఈ చట్టము స్త్రీ పొందిన యాస్తిపై నామెకు సంపూర్ణాధికార మిచ్చినది. తండ్రి స్వార్జితమునందు కూఁతును కొడుకుతో సమానము చేసినది. కాని పిత్రార్జితపు టుమ్మడియాస్తిలో పుట్టుకతో వచ్చు భాగము మాత్రము కొడుకులకే మిగిలెను. రైతుకుటుంబమున స్వార్జిత మెంత? తాతలనాఁటి చేనే కదా యాస్తి!

ఈ చివరి గడియ తీయుటలో మన సీమకు సంబంధము కలదు. 1985లో హిందూపురము నియోజకవర్గము నందమూరి తారకరామారావుగారిని శాసనసభకుఁ బంపినది. ఆయన ముఖ్యమంత్రిగా నుండఁగా 1986లో 13వ చట్టముగా వచ్చిన సవరణ, 1985 సెప్టెంబరు 5 మొదలుకొని వర్తించునట్లు, కూఁతురు సైతము పుట్టుకతోనే కొడుకు వలె నుమ్మడియాస్తిలో భాగస్వామి యగునని శాసించినది. కేరళరాష్ట్రము అంతకుముందే ఉమ్మడికుటుంబపు హక్కునే రద్దుచేసినది. దానిని నిలుపుచునే కూఁతును కొడుకు ప్రక్కఁ గూర్చుండఁబెట్టిన మొదటి రాష్ట్రము మనది. తమిళనాడు 1989లోను, కర్ణాటకము, మహారాష్ట్రము 1994లోను ఈ దారిఁ బట్టినవి. హిందూపురము దాఁటి గౌరీబిదనూరు చేరినచో మాట యొకటే, చుట్టరికము లొకటే, పంట యొకటే. కాని దాదాపు తొమ్మిదేండ్ల పాటు ఆ గట్టున కూఁతురికి లేని హక్కు ఈ గట్టున నుండెను. వెనుక మగహక్కులకై ఆఁడుబిడ్డను బసివిఁ జేసిన సీమలోనే, ఆమె యాఁడుబిడ్డగా నుండియే ఆ హక్కులు పొందవచ్చునని వ్రాఁత పడినది.

అయినను ఆ చట్టమున నొక లోపము మిగిలినది. అది వచ్చుటకు ముందే పెండ్లియైన కూఁతుండ్రకు వర్తింపలేదు. 1985 ఆగష్టులో నత్తవారింటికిఁ బోయిన అక్కకు చిల్లిగవ్వ లేదు. మఱుసటి సంవత్సరము పోయిన చెల్లెలికి అన్నతో సమభాగము! పెండ్లితో కూఁతురు పరాయి దగునను పాతమాట చట్టములోఁ గూడ తల దాఁచుకొన్నది. 2005 సెప్టెంబరు 9న అమలైన కేంద్రసవరణ ఆ మాటను తొలఁగించినది. 2011లో మన రాష్ట్రమునుండి సుప్రీంకోర్టునకుఁ బోయిన వ్యాజ్యములో, పంపకపు తుది తీర్పు కానంతవఱకు అక్కచెల్లెండ్రు సమభాగ మడుగవచ్చునని తేలినది. తండ్రి 2005 నాఁటికి జీవించియుండవలెనా యను చిక్కు మిగులఁగా, 2020 ఆగష్టు 11న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము అక్కఱలేదనియు, హక్కు పుట్టుకవలన వచ్చినదనియు తీర్మానించినది. కొడుకు విషయమున విజ్ఞానేశ్వరుఁడు చెప్పిన మాట కూఁతురి విషయమున మన న్యాయస్థానము చెప్పుటకు తొమ్మిదివందల యేండ్లు పట్టినది.

ఇఁక పోరాట మెక్కడ? రిజిస్ట్రారు కచేరి వాకిటను, మన యింటి వసారాలోను. చట్టము భాగ మిచ్చిన పిదప ఇండ్లలో నొక క్రొత్త యాచారము బలపడినది. దాని పేరు హక్కు విడుదల దస్తావేజు. తండ్రి పోయిన కొన్నాళ్లకు అన్నదమ్ములు ఆఁడుబిడ్డలను పిలిపించి, చీరె పెట్టి, భోజనము పెట్టి, సంతకము పెట్టించుకొందురు. పెట్టనిచో పుట్టినింటి గడప మూసికొనునను భయము చెప్పక చెప్పుదురు. తెలిసి, ఇష్టపడి విడిచినచో నది త్యాగము. పుట్టినిల్లు పోవునను భయముచే విడిచినచో దానిని త్యాగమనుట మనలను మనము మభ్యపెట్టుకొనుటయే. నాఁటి బసివి యాస్తికై సంసారమును విడిచినది. నేఁటి చెల్లెలు అన్నదమ్ముల ప్రేమకై యాస్తిని విడుచుచున్నది. రెండు కాలములలోను రెంటిని గలిపి యనుభవించు వాఁడు కొడుకు.

ఈ ప్రశ్న యిప్పుడు పెనుకొండ సీమలో మఱింత తీవ్రమైనది. 2019లో ఎఱ్ఱమంచి వద్ద కియా మోటారుకార్ల కర్మాగారము పని నారంభించిన పిమ్మట చుట్టుపట్ల భూములకు వెల వచ్చినది. బీడుగా నున్ననాఁడు ఎవరి పేరనున్నను పట్టించుకొనని నేల, ధర పలికిననాఁడు పాసుపుస్తకములో నెవరి పేరున్నదో వారికే సొమ్ము తెచ్చును. ధర్మవరమున పట్టునూలు చుట్టి, కండెలు చేసి, మగ్గమున కందించు చేతులు సాధారణముగా స్త్రీలవి. మగ్గమును బేరమును మగవాని పేర నుండును. పెనుకొండ ప్రజలు 2005 ఉపయెన్నికలో పరిటాల సునీతగారిని, 2024లో ఎస్. సవితగారిని తమ ప్రతినిధులుగా శాసనసభకుఁ బంపిరి. ఊరి పక్షమున మాటలాడుటకు స్త్రీ తగునని యొప్పుకొన్నవారు, ఇంటి పంపకమున నామె మాట నాలకింపకుండుట యేమి న్యాయము?

ఆక్షేపణలు లేకపోలేదు. కట్న మిచ్చితిమి గదా, మఱల భాగ మేమి యందురు. కట్నము 1961 మొదలు చట్టవిరుద్ధము. అదిగాక, కట్నము కూఁతురి చేతికి రాదు. వియ్యంకుని చేతికిఁ బోవును. దాని మొత్తము వరుని బేరమునుబట్టి నిర్ణయమగునే కాని తండ్రి యాస్తినిబట్టి కాదు. భూమి ముక్కలగునని మఱికొంద ఱందురు. నలుగురు కొడుకులున్న యింట భూమి నాలుగు ముక్కలైనపు డెవరును ఈ మాట యనలేదు. ఇద్దఱు కొడుకులు, ఇద్దఱు కూఁతుండ్రు ఉన్నపుడే యది జ్ఞప్తికి వచ్చుచున్నది. తోఁబుట్టువుల నడుమ వైరము పుట్టునను మాట యొకటి మిగిలినది. అన్నదమ్ములు భాగములు పంచుకొనినను వైరము పుట్టవచ్చును. అందుచేత పంపకమే వలదని యెవరును చెప్పరు. అడిగిన పిదప ఇచ్చుటవలన వైరము; అడుగకముందే యిచ్చినచో ప్రీతి.

కావున మా విన్నప మిది. చదువుకొన్న కుటుంబములవారు తండ్రులుగా నున్నచో, తాము బ్రదికియుండఁగానే వీలునామాలోఁ గాని, పంపక పత్రములోఁ గాని కూఁతుండ్ర పేరులు కొడుకుల పేరులతో సమానముగా వ్రాయవలెను. అన్నదమ్ములుగా నున్నచో, విడుదల పత్రమును ముందుంచుటకు మాఱు పాసుపుస్తకములో చెల్లెలి పేరు చేర్పించి, ఆ పుస్తకము నామె చేతి కీయవలెను. తల్లులుగా నున్నచో, తాము పొందని దానిని కూఁతురు పొందుట తప్పు కాదని ధైర్యము చెప్పవలెను. విరించిపురమున నాఁటివారు దేవాలయపు గోడపై వ్రాసికొన్నారు. మనకు గోడ యక్కఱలేదు, ఒక్కొక్క యింటివారు ఒక్క కాగితము వ్రాసిన చాలును. చట్టము చేయవలసినపని చాలవఱకుఁ జేసినది. కూఁతురు కొడుకు కానక్కఱలేదు, ఆమెకు బదులు కొడుకును దెచ్చుకొననక్కఱయు లేదు. ఆమె పేరు వ్రాయుటకు మన చేయి కదలుటయే మిగిలియున్నది.